పొందూరు సన్న ఖద్దరు: గుడ్డ ఎలా ఉంది, డబ్బు ఎవరికి చేరుతుంది

పొందూరు ఖద్దరు గురించి మాట్లాడాలంటే వాలుగ చేప దవడతో మొదలుపెట్టాలి. అరచేతిలో ఇమిడే ఆ ఎముక మీద సన్నటి పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి, ఏ దువ్వెనకూ అంత దగ్గర పళ్లు ఉండవు. గింజ తీయని పత్తిని ఒక చేతి వేళ్ల మధ్య పట్టుకుని, రెండో చేత్తో ఆ దవడ పెట్టి నెమ్మదిగా దువ్వుతారు. గింజ చుట్టూ ముడుచుకున్న పోగులు విడివడి అన్నీ ఒకే వైపుకు సాగుతాయి. ఎండాకు తునకలు, దుమ్ము రాలిపోతాయి. అలా దువ్విన పత్తిని చెక్క మీద పెట్టి సన్నటి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ఒకపక్కకు జారుతుంది, దూది ఇవతల మిగులుతుంది. ఆ దూదిని విదిలించి పొంగిస్తారు, చిన్న వింటితో ఏకుతారు, ఏకులు (వడకడానికి చుట్టిన దూది) చుడతారు. చుట్టిన ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీస్తూ ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊళ్లో ఈ పని చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే, అందులోనూ వయసు మళ్లినవాళ్లే ఎక్కువ.

కొనేవాళ్లకు ఇంత వివరం ఎందుకంటే, పంచె ధర అంతా ఇక్కడే ఉంది. ఈ ప్రాంతంలో వానమీదే పండే కొండపత్తి, పునాస పత్తి నాటు రకాలు. వాటి పోగు పొట్టి. మిల్లువాళ్ల లెక్కలో పొట్టి పోగు పత్తి ముతక నూలుకే పనికొస్తుంది, నూరో నెంబరు (నెంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) తీయాలంటే వాళ్లకు పొడుగు పోగు కావాలి. పొందూరులో ఆ పొట్టి పోగుతోనే నూరో నెంబరు వడుకుతున్నారంటే కారణం చేప దవడే. ఈ పత్తి గింజ తీసే జిన్నింగు యంత్రంలో నలగలేదు, బేలుగా నొక్కలేదు, మళ్లీ విప్పి బాదలేదు. పోగులు పక్కపక్కన సర్దుకుని, బలం పోకుండా కదురు దాకా వస్తాయి. గుడ్డ మెత్తదనం కూడా అందులోంచే పుట్టింది.

ఇక డబ్బు సంగతి. ఖద్దరు కొనడం రాజకీయమే అని మనవాళ్లు నూరేళ్లకు పైగా అంటున్నారు. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారు. ఆ తేదీనే 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం నుంచి బందరు దాకా ఉపన్యాసాలు ఇచ్చి వెళ్లాక విదేశీ గుడ్డ బహిష్కరణ ఆంధ్రదేశంలో ఇంటింటి మాట అయింది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మూడు లెక్కలు పెట్టుకుంది: కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు. పొందూరు నూలు సన్నదనం గురించి విన్న గాంధీగారు ఆ రోజుల్లోనే కొడుకు దేవదాసును ఇక్కడికి పంపి చూసి రమ్మన్నారు.

అప్పటి అనుభవంలో రెండు దెబ్బలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది ధర. బెంగాల్లో స్వదేశీ గుడ్డ ఖరీదెక్కువ, పేదవాళ్లకు ఇంగ్లండు మిల్లుల మాంచెస్టర్ గుడ్డే అందుబాటు. బలవంతంగా మాన్పించబోయిన చోట ఉద్యమమే చీలింది. రెండోది నకిలీ. ఖద్దరుకు గిరాకీ రాగానే మిల్లులు ముతక గుడ్డ నేసి ఖద్దరు పేరుతో అమ్మాయి. ఎంతవరకు వెళ్లిందంటే, 1934లో ఖద్దరు, ఖాదీ అనే మాటల్ని కాపాడడానికే ప్రత్యేకంగా ఒక చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఈ రెండు సమస్యలూ ఇవాళ్టికీ ఉన్నాయి. డబ్బు పెట్టి రాజకీయం చెయ్యాలనుకునేవాళ్లు ముందు కౌంటరు దగ్గర గుడ్డను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆ పని చేతకాకపోతే మిగతాదంతా వృథా.

దుకాణంలో మీ ముందు పరిచేవి నాలుగు రకాలు. 1956 నాటి ఖాదీ కమిషన్ చట్టం ప్రకారం ఖాదీ అంటే మన దేశంలో చేత్తో వడికిన నూలును మన దేశంలో చేమగ్గం మీద నేసిన గుడ్డ. నూలు పత్తిది కావచ్చు, పట్టుది కావచ్చు, ఉన్నిది కావచ్చు. వడకడం, నేయడం రెండూ చేత్తోనే జరగాలి. చేనేత అంటే నేత మాత్రమే చేత్తో, నూలు మిల్లుది. మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి నూలు చీరలు ఈ కోవలోవి. అవి గొప్పవి కావని కాదు, వాటిలో వడికేవాళ్ల కూలీ ఉండదు, అంతే తేడా. మూడోది పవర్‌లూమ్ గుడ్డ. దాన్ని ఖాదీ పేరుతోనో చేనేత పేరుతోనో అంటగట్టడమే బజారులో జరిగే పెద్ద మోసం. నాలుగోది పాలీవస్త్రం. ఇది ఖాదీ కమిషన్ కార్యక్రమం కిందనే తయారవుతుంది, ఖాదీ భండారుల్లోనే అమ్ముతారు, చూడ్డానికి ఖద్దరులాగే ఉంటుంది. కానీ అందులో 67 శాతం పాలిస్టరు, 33 శాతం పత్తి. మోసమేమీ కాదు, లేబులు మీద రాసే ఉంటుంది. చదవకుండా బిల్లు కట్టి, ఇంటికెళ్లాక వేసవిలో ఒళ్లు ఉక్కపోస్తోందని ఖద్దరును తిట్టుకునేవాళ్లు మాత్రం చాలామంది.

ఖాదీలోనూ రెండు తరగతులున్నాయని అమ్మేవాళ్లు అడిగితేనే చెప్తారు. అంబర్ రాట్నం మీద వడికింది ఒకటి. దానికి దూదిని యంత్రాల మీద శుభ్రం చేసి, పేడుగా (సన్నటి దూది తాడుగా) తీసి పంపిస్తారు, ఒక్కో రాట్నానికి చాలా కదుళ్లు. ఒంటి కదురు మీద, మొదటినుంచి చివరిదాకా చేత్తోనే చేసింది రెండోది. పొందూరు పేరుకు అర్థం ఈ రెండోదే. పొందూరులోనూ ఇతర ఖాదీ దొరుకుతుంది కాబట్టి “పొందూరు ఖాదీయేనా?” అని అడిగితే చాలదు. “ఒంటి కదురు నూలా, అంబర్ నూలా? పడుగు, పేక రెండూ అదేనా?” అని అడగాలి. పేక (అడ్డపోగు) ఒంటి కదురుది, పడుగు (నిలువు పోగు) వేరే నూలుది అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఎందుకంటే పడుగు నూలు మగ్గం మీద లాగుడికి, పన్నె (మగ్గం మీది దువ్వెన) రాపిడికి తట్టుకోవాలి. చేత్తో వడికిన సన్న నూలు అక్కడే ఎక్కువ తెగుతుంది. తెగిన ప్రతి పోగునూ నేతగాడు ఆగి ముడెయ్యాలి. అందుకే పని తేలికకు పడుగు మార్చెయ్యాలన్న ఆశ పుడుతుంది.

గుర్తుపట్టే పద్ధతి. గుడ్డను ఒక పొరగా విప్పి కిటికీ వెలుగుకు అడ్డం పట్టండి. ట్యూబులైటు కింద తెలియదు. నిలువు పోగుల మీద చూపు ఉంచి ఒకే పోగు వెంట జానెడు దూరం నడపండి. చేతి నూలైతే ఆ జానెడులో ఒకచోట సన్నగా, ఒకచోట కాస్త లావుగా కనిపిస్తుంది, ఆ మార్పు ఒక లెక్క ప్రకారం రాదు. తర్వాత అడ్డపోగుల మీద అదే చెయ్యండి. నిలువు పోగులు గీత గీసినట్టు సమంగా ఉండి, అడ్డపోగులే ఎగుడుదిగుడుగా ఉంటే పడుగు మిల్లు నూలని అనుమానించాలి. కొన్ని మిల్లులు కావాలనే ఎగుడుదిగుడు నూలు తీస్తాయి. దాంట్లో లావు ముక్కలు పొడుగ్గా, కొట్టొచ్చినట్టు, మళ్లీ మళ్లీ ఒకేలా కనిపిస్తాయి. పొందూరు సన్న నూలులో తేడా అంత గట్టిగా కనిపించదు, వెతికితేనే దొరుకుతుంది. గుడ్డ మీద దారపు గడ్డలు ఎంత ఎక్కువుంటే అంత అసలు ఖద్దరు అనుకోవడం పెద్ద పొరపాటు. పొందూరులో గొప్ప అంతా ఆ గడ్డలు లేకపోవడమే.

చివరి అంచు నుంచి నిలువు పోగొకటి, అడ్డపోగొకటి నాలుగంగుళాల ముక్కలు లాగివ్వమనండి. మంచి దుకాణంలో ఇస్తారు. పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని పురి విప్పండి. కొంచెం తిప్పగానే విడిపోయి మెత్తటి దూదిలా సాగితే చేతి నూలు కావచ్చు. కాల్చి చూస్తే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. గట్టి నల్ల పూస మిగిలితే అందులో పాలిస్టరు ఉంది. ఈ పరీక్ష పత్తికీ పాలిస్టరుకూ తేడా చెప్తుంది గానీ మిల్లు పత్తికీ చేతి నూలుకూ తేడా చెప్పదు. కాల్చి చూపించి “చూడండి, అసలు ఖాదీ” అనేవాళ్ల మాట నమ్మొద్దు. ఆఖరున ఖాదీ మార్క్ చీటీ. 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మే సరుకుకు ఇది ఉండాలి. చీటీ మీదున్న సంస్థ పేరు, బిల్లు మీదున్న సంస్థ పేరు సరిపోల్చుకోండి. చేనేత మార్క్ 2006లో వచ్చింది. అది వేరు, ఖాదీకి బదులు కాదు.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం, ధర ఎక్కువా తక్కువా అన్న వాదన దీంతో తేలుతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్నుంటే అది అన్నో నెంబరు. నూరో నెంబరంటే పౌనుకు 84,000 గజాలు, మన కొలతలో గ్రాముకు సుమారు 169 మీటర్లు. నాలుగు మీటర్ల పంచె, 50 అంగుళాల పన్నా (వెడల్పు), అంగుళానికి 80 నిలువు పోగులు, 70 అడ్డపోగులు అనుకోండి. పడుగుకు 16,000 మీటర్లు, పేకకు 14,000 మీటర్లు, మొత్తం 30 కిలోమీటర్ల నూలు. ఆ పంచె తూకం మాత్రం 180 గ్రాములు దాటదు. తరుగు ఇందులో కలపలేదు. అంటే ఒక పంచె వెనుక శ్రీకాకుళం నుంచి పొందూరు దాకా పరిచేటంత దారం ఉంది, అదంతా ఒకే కదురు మీంచి వచ్చింది.

ఖాదీలో చిలప అంటే వెయ్యి మీటర్లు, వడికేవాళ్లకు కూలీ చిలప లెక్కన ఇస్తారు. ఖాదీ కమిషన్ 2025 ఏప్రిల్ 1 నుంచి చిలపకు కూలీని 12.50 నుంచి 15 రూపాయలకు పెంచింది. పై పంచెకు ముప్పై చిలపలు, ఆ రేటున వడికినందుకు 450 రూపాయలు. చాలా కదుళ్ల అంబర్ రాట్నం మీద ఒక రోజులో ఎన్నో చిలపలు వస్తాయి కాబట్టి ఆ రేటుకు ఎంతో కొంత గిట్టుతుంది. ఒంటి కదురు మీద నూరో నెంబరు వడుకుతూ రోజుకు రెండు చిలపలు తీస్తే పదిహేను రోజులు పడుతుంది. దువ్వడం, ఏకడం అదనం. ఈ పనికి మామూలు రేటు అన్యాయం. సన్న నూలుకు వేరే రేటు ఉండి తీరాలి. అందుకే కౌంటరు దగ్గర వెయ్యాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్న “డిస్కౌంటు ఎంత?” అన్నది కాదు, “ఈ నెంబరుకు చిలపకు ఎంత ఇస్తున్నారు?” అన్నది. ఖాదీ సంస్థలకు కాస్ట్ చార్టు ఉంటుంది. పత్తి, వడికే కూలీ, నేత కూలీ, చలువ (ఉతికి తెల్లబరచడం), సంస్థ ఖర్చు విడివిడిగా రాసి ఉంటాయి. ఒకరిద్దరు అడిగితే విసుక్కుంటారు. నెలకు ఇరవై మంది అడిగితే గోడకు అంటిస్తారు. కొనుగోలును రాజకీయం చేసేది ఇలా అడగడమే. నోరు తెరవకుండా డబ్బు కట్టి వచ్చేస్తే అది మంచి షాపింగు అవుతుంది, అంతకంటే ఏమీ కాదు.

నూలు వెనక్కి వెళ్తే విత్తనం దగ్గర మరో రాజకీయం ఉంది. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు, ఇవాళ పత్తి సాగులో 90 శాతానికి పైగా అదే. హైబ్రిడ్ కాబట్టి రైతు ఏటా ప్యాకెట్టు కొనాలి. నాటు పత్తి రైతు విత్తనం దాచుకుంటాడు. దాన్ని అడిగేవాళ్లు లేకపోతే మాత్రం ఏ రైతూ వెయ్యడు. వడికేవాళ్లు తగ్గినకొద్దీ ఆ పత్తి పొలంలోంచి మాయమవుతుంది, పత్తి మాయమైతే దవడ పట్టుకోవడం తెలిసిన చేతులు ఖాళీ అవుతాయి. పొందూరు పంచె కొంటే ఆ డబ్బు రైతు, దువ్వేవాళ్లు, వడికేవాళ్లు, నేతగాళ్లు, చలువ చేసేవాళ్లు ఇలా ఒకే జిల్లాలో ఐదారు ఇళ్లు తిరుగుతుంది. మిల్లు గుడ్డ కొన్న డబ్బుకు ఇది సాధ్యం కాదు.

గుడ్డగా చూస్తే ఎలా ఉందంటే, ఎండాకాలంలో ఒంటిమీద దీనికి సాటి లేదు. చెమటను వెంటనే తాగుతుంది, ఫ్యాను గాలికే ఆరుతుంది, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. పంచె, కండువా, పలచటి లాల్చీ, దుపట్టా — వీటికి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఒంటిని పట్టి కుట్టే చొక్కాకు నూరో నెంబరు పనికిరాదు. మోచేతుల దగ్గర, చంకల్లో, మెడపట్టీ మడత మీద మొదట చిరుగుతుంది. ఆఫీసు చొక్కా కావాలంటే తక్కువ నెంబరు, అంటే లావు నూలు గుడ్డ తీసుకోండి. ప్యాంటుకు సన్న ఖద్దరు అసలు వద్దు. తెల్లటి పంచె లోపలిది కనబడేంత పలచన, దీనికి సిద్ధపడే కొనాలి. రంగుల్లో ముదురు నీలం, నలుపు మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు వదులుతాయి. దుకాణంలో ఉండగానే తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్ది చూసుకోండి.

మన్నిక విషయంలో దాపరికం అక్కర్లేదు. మిల్లు పాప్లిన్ అంత కాలం రాదు. అయితే చాలా గుడ్డలు వాడకంలో కంటే ఉతుకులో ముందు చస్తాయి. కొత్త గుడ్డను కుట్టడానికి ముందు చల్లటి నీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి, మగ్గం మీది గంజి కరుగుతుంది. నీళ్లు పారబోసి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. ఈ తొలి తడుపుకే మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుంచించుకుపోవచ్చు. చొక్కాకు రెండున్నర మీటర్లు కావాలంటే పావు తక్కువ మూడు మీటర్లు తీసుకోండి. తడపకుండా కుట్టించి, తర్వాత పొట్టయిందని నేతగాడిని అనడం న్యాయం కాదు.

వాషింగ్ మిషనులో వెయ్యాల్సివస్తే వల సంచిలో, తక్కువ వేగంతో. డ్రయ్యరులో ఎప్పటికీ వద్దు. అమెరికాలో, గల్ఫులో ఉన్న మనవాళ్ల పంచెలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. బ్లీచింగు వాడితే తెల్లగానే ఉంటుంది, నాలుగు నెలల్లో మడతల వెంట చీలుతుంది. పసుపు మరక పడితే సబ్బు రాసి ఎండలో పెట్టండి, ఎండే దాన్ని తినేస్తుంది. గంజి కావాలంటే చిక్కటి అన్నపు గంజి ఒక గ్లాసుకు పది గ్లాసుల నీళ్లు, పలచటి గుడ్డలో వడకట్టాలి. మెతుకు పలుకు మిగిలితే ఇస్త్రీ పెట్టె కింద మాడి మచ్చ పడుతుంది. గంజి పెట్టిన గుడ్డను నెలల తరబడి బీరువాలో దాచొద్దు, వెండి పురుగులు గంజి కోసం వచ్చి పోగు కూడా కొరికేస్తాయి. దాచేదైతే గంజి వదిలించి, రెండు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. ఒకే మడత మీద గట్టిగా ఇస్త్రీ చేస్తూ పోతే పోగు అక్కడే విరుగుతుంది. పంచె మధ్యలో గీత గీసినట్టు చిరిగితే కారణం సాధారణంగా ఇదే.

టైలరుకు మూడు మాటలు చెప్పండి. సన్నసూది పెట్టమనండి. నూలు దారంతో కుట్టమనండి, పాలిస్టరు దారం బలమైనది కాబట్టి లాగుడు వచ్చినప్పుడు అది తెగదు, గుడ్డే తెగుతుంది. కుట్టు పక్కన కనీసం ఒకటిన్నర సెంటీమీటరు గుడ్డ వదిలి మడత కుట్టు వెయ్యమనండి, లేకపోతే సన్న నూలు పోగులు కుట్టులోంచి జారి పక్కన సందులు పడతాయి. ఛాతీ కొలత మామూలు కంటే రెండంగుళాలు వదులు.

ఎప్పుడు కొనాలన్నది చాలామంది పట్టించుకోరు గానీ వడికేవాళ్లకు అదే పెద్ద సంగతి. అక్టోబరు 2కు రిబేటు ఉంటుందని అందరూ అప్పుడే ఎగబడతారు. ఆ నెలలో ఏడాది సరుకంతా పోతుంది, మిగతా నెలల్లో సంస్థ చేతిలో ఆడే డబ్బు ఉండదు. డబ్బు ఆడకపోతే మొదట ఆగేది వడికేవాళ్ల కూలీ. వానాకాలం మరీ కష్టం. గుంట మగ్గాల్లోకి నీరు ఊరుతుంది, పడుగుకు గంజి పట్టించి బయట ఆరేయడానికి ఎండ ఉండదు. కొనుగోలుతో ఏదైనా సాధించాలంటే జూన్, జులైల్లో కొనండి, ఇంకా మంచిదేమిటంటే అడ్వాన్సు ఇచ్చి ఆర్డరు పెట్టండి. పన్నా, పొడవు, అంచు రంగు, నెంబరు, పడుగు పేక రెండూ ఒంటి కదురు నూలే అన్న షరతు కాగితం మీద రాయించుకోండి. గడువు గట్టిగా పట్టుకోకండి. సన్న నూలు పంచెకు రెండు నెలలు అడిగితే సబబే. ఒక అపార్టుమెంటులోనో ఆఫీసులోనో పది మంది కలిసి పెడితే ఒక పడుగు నిండుతుంది, నేతగాడికి మధ్యలో మగ్గం ఖాళీ ఉండదు. పెళ్లిళ్లలో బంధువులకు పెట్టే పంచెలకు ఇలా చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఒక్క ఆర్డరు పదిమంది విడివిడిగా అక్టోబరులో కొన్నదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

వీలైతే పొందూరే వెళ్లండి. విశాఖ, శ్రీకాకుళం మధ్య జాతీయ రహదారి మీద చిలకపాలెం దగ్గర మళ్లాలి. రైలుకు పొందూరు స్టేషనే ఉంది. ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం అమ్మకం కౌంటరు ఊళ్లోనే ఉంది, ఆ సంఘం పాతది, పేరున్నది. పొద్దున్నే వెళ్తే రాట్నం దగ్గర పని జరుగుతుండగా చూడొచ్చు. రకాలు ఎప్పుడూ నిండుగా ఉండవు, నూరో నెంబరు పంచె ఆ రోజు లేకపోవచ్చు. అది లోపం కింద లెక్కెయ్యక్కర్లేదు, నిజానికి ఎప్పుడు వెళ్లినా ఎంత కావాలంటే అంత దొరికే “పొందూరు” దుకాణాన్నే అనుమానించాలి. ఆన్‌లైనులో కొంటే వెలుగు పరీక్ష కుదరదు. సంస్థ పేరు, ఖాదీ మార్క్, వాపసు షరతు మూడూ కనిపిస్తేనే డబ్బు కట్టండి. ఒక మీటరు నమూనా ముందు తెప్పించుకుని చూసి తర్వాత పెద్ద ఆర్డరు పెట్టడం క్షేమం.

ఇంకొకటి, పంచె కట్టేవాళ్లంతా తెలుసుకోవాల్సింది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద కొన్ని రకాల గుడ్డల్ని చేమగ్గం మీదే నెయ్యాలి. మొదట అవి 22 ఉండేవి, తర్వాత 11కు కుదించారు. నిర్దేశించిన రకం పంచె ఇప్పటికీ ఆ జాబితాలో ఉంది. చట్టం ఉన్నా బజారునిండా పవర్‌లూమ్ పంచెలే. దుకాణదారుని “ఇది చేమగ్గమా?” అని బిల్లు మీద రాయమని అడగండి. రాయనంటే జవాబు దొరికినట్టే. జెండా విషయంలో నిబంధనే మారింది. 2021 డిసెంబరు 30 దాకా జాతీయ జెండా గుడ్డ చేత్తో వడికి, చేత్తో నేసిందే అయ్యుండాలి. ఆ రోజు చేసిన సవరణతో యంత్రం మీద చేసినదీ, పాలిస్టరుదీ అనుమతించారు. ఎక్కడో తయారైన పాలిస్టరు జెండా చవకగా ఇంటికొస్తుంది. పంచాయతీలు, బళ్లు, కాలనీ సంఘాలు ఆగస్టుకు ఖాదీ జెండానే కొంటామని తీర్మానం చేసుకుంటే ఏ చట్టమూ అడ్డు రాదు, ఖర్చు తేడా ఏడాదికోసారే.

ఇంత చెప్పాక దీని హద్దు కూడా చెప్పాలి. మీరూ నేనూ కొనే పంచెలతో వడికేవాళ్ల పింఛను రాదు, ఆరోగ్య బీమా రాదు, కూలీ రేటు దానంతటదే పెరగదు. అవి ప్రభుత్వంతో తేల్చుకోవాల్సినవి. అంతవరకు ఆ పని చేసే చేతులు పనిలో ఉండాలి, అందుకు గిరాకీ కావాలి. నెలకు రెండువందల రూపాయలు పక్కన పెట్టలేని ఇంటికి పొందూరు పంచె కొనమని చెప్పడం తప్పు. వాళ్లకు మంచి చేనేత తువ్వాలు, లుంగీ చాలు, అవీ మన ఊరి మగ్గానికే చేరతాయి. కొనగలిగినవాళ్లు ఏడాదికి ఒక్క పంచె, ఒక కండువా తీసుకున్నా చాలు, అసలువే తీసుకోవాలి.

పంచె పాతబడ్డాక పారెయ్యకండి. మధ్యలో చిరిగితే అంచుల వైపు గుడ్డ ఇంకా గట్టిగానే ఉంటుంది, నిలువుగా చీల్చి తువ్వాళ్లు చేసుకోవచ్చు. ఇన్నేళ్లు ఉతికిన సన్న ఖద్దరంత మెత్తటి గుడ్డ పసిపిల్లల పొత్తిళ్లకు మరోటి దొరకదు. దాని తర్వాత మిగిలిన పేలికలు దీపానికి వత్తులవుతాయి, రంగు వెయ్యని పంచెను కొనడానికి అదీ ఒక కారణం.